రెండు చేతులా బియ్యం

మా అక్క ఏడ్చిందంటే తప్పు నాదే. మా ఇంట్లో ఎవరూ పైకి అనని రూలు ఇది. ఉల్లిగడ్డ కోసి కళ్ళు తుడుచుకున్నా సరే, అందరూ ముందు నా మొహమే చూసేవాళ్ళు. నేను కూడా చూసుకునేదాన్ని, ఇవాళ ఏం చేశానా అని.

అక్క పేరు అరుంధతి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ, బాపు ఒకరి వెనక ఒకరు పోయేనాటికి అక్కకు పెళ్ళై కొడకండ్లలో కాపురం. నేను తరిగొప్పులలో మా సరోజన చిన్నమ్మ దగ్గర ఉండేదాన్ని. చిన్నమ్మ అంటే మా చిన్నాయిన భార్య. చిన్న వయసులోనే భర్త పోయినావిడ, పిల్లల్లేరు. వండి పెట్టింది చిన్నమ్మే అయినా నా ఫీజులు కట్టింది అక్క, దయాకర్ బావ. కాదని నేనెప్పుడూ అనలేదు. మరిచిపోదామన్నా మరిచిపోనిచ్చేవాళ్ళు కాదు, అది వేరే సంగతి.

నేను పదో తరగతిలో ఉండగా అక్క నాలుగో నెల కడుపుతో మా ఇంటికి వచ్చింది. డాబా మీద మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఉన్నట్టుండి వాన. “అక్కా, జర పట్టా పట్టుకరా” అని పైనుంచి కేకేశాను. గింజల మీద కప్పే పట్టా తీసుకుని వస్తూ అక్క మెట్ల మీద జారి కూలబడింది. వెంటనే లేచింది, నన్ను చూసి నవ్వింది కూడా. కొన్ని రోజులకు ఆమెను వరంగల్ దవాఖానలో చేర్చారని తెలిసింది. కడుపు పోయిందన్నారు. ఇక పిల్లలు పుట్టరని కూడా అన్నారు. మెట్ల మీద పడడం వల్లేనన్నారు. పిలిచింది ఎవరు? నేను.

“నువ్వు పిలవకుంటే నేను మెట్లెక్కేదాన్నా చెల్లె” అనేది అక్క. కోపంగా అనేది కాదు. నా తల నిమురుతూ, జడ వేస్తూ, అన్నం కలిపి పెడుతూ అనేది. కోపంగా అని ఉంటే నేనూ ఎదురు తిరిగి పోట్లాడేదాన్నేమో. తల నిమిరే చేతితో ఏం పోట్లాడతాం?

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె నా చేత చేయించని పని లేదు. నర్సింగు చదువుతానంటే వద్దంది, మానేశాను. నా వాటా పొలం బావ దున్నుకుంటానంటే సరేనన్నాను. బావకు దూరపు చుట్టం యుగేందర్ సంబంధం తెస్తే, ఫోటో అయినా సరిగ్గా చూడకుండా తల ఊపాను. ఆమెకు చెప్పకుండా చేసింది ఒక్కటే, రైల్వే పరీక్ష రాయడం. ఉద్యోగం వచ్చిందని తెలిసి అక్క అన్నం మానేసింది. “నాకు చెప్తే వద్దంటననుకున్నవా” అని ఏడ్చింది. నిజంగానే వద్దనేది. అయినా వెళ్ళి కాళ్ళు పట్టుకుని బతిమిలాడింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు మేం ఉండేది డోర్నకల్‌లో, రైల్వే క్వార్టర్‌లో. నాది టికెట్ కౌంటర్ డ్యూటీ. యుగేందర్‌కు ఒక కారు, రెండు వ్యాన్లున్నాయి, కిరాయికి తిప్పుతాడు. ఎప్పుడు చూసినా అతని ధ్యాస భూపాలపల్లి మీదే. అక్కడ బొగ్గు గనుల్లో మట్టి తోలే టిప్పర్ల పనిలో బావ ఉన్నాడు. అందులో తనకూ ఒక భాగం దొరకాలని పెళ్ళైన నాటి నుంచి కలవరిస్తున్నాడు.

మాకు ఇద్దరు పిల్లలు. అక్షయకు నాలుగేళ్ళు. హర్షిత్‌కు ఐదో నెల.

అక్షయ పుట్టినప్పుడు అక్క వచ్చి, దాని మొహం చూసి, “రంగు మీ అత్తదొచ్చింది” అని చాయ్ తాగి వెళ్ళిపోయింది. హర్షిత్ పుట్టాక మాత్రం వారానికోసారి దిగేది. స్నానం తానే పోసేది, సాంబ్రాణి తానే వేసేది, “వీడు నా కొడుకే” అనేది. నేను మురిసిపోయాను. నా బుద్ధి ఎక్కడ గడ్డి మేసిందో గానీ, పోనీలే, నావల్ల అక్క పోగొట్టుకున్న సంతోషం కొంచెమైనా నావల్లే తిరిగొచ్చిందని పొంగిపోయాను.

పోయిన నెలలో ఫోన్ చేసింది. “అమ్మ ఉంటే పోయకపోవునా? నేనే పోస్త ఒడిబియ్యం. ఇద్దరు పిల్లలను తీస్కొని రా.”

నేను ఏడ్చాను ఫోన్‌లో. పెళ్ళైన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు ఒడి నింపే వేడుక అది. పుట్టిల్లు లేని దానికి ఒడిబియ్యం పోస్తామంటే ఏడుపు రాదా?

యుగేందర్ కారు కడిగించాడు. నాకు చీర కొన్నాడు. మానుకోట దాటి, తొర్రూరు మీదుగా కొడకండ్ల చేరేవరకూ అడిగినా అడగకపోయినా నవ్వుతూనే ఉన్నాడు. అక్క ఇంటి ముందు శామియానా చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఒడిబియ్యానికి నలుగురు ముత్తైదువలు చాలు. అక్కడ పదికి పైగా కార్లున్నాయి. వీడియో తీసేవాడు కూడా వచ్చాడు. మా వాళ్ళలో ఏ పంచాయితీ తెగాలన్నా పిలిచే పెద్దమనిషి, మేమంతా తాత అనే ఆయన, కుర్చీలో పెద్ద తలపాగాతో కూర్చుని ఉన్నాడు.

బ్యాగు పెట్టడానికి లోపలికి వెళితే అక్క గదిలో కొత్త ఉయ్యాల కనిపించింది. పక్కన బొమ్మలు, చిన్న చిన్న చొక్కాలు.

“గిదేందక్కా?” అన్నాను.

“వస్తుంటడు గద, ఉండనీ” అంది అక్క. నా వైపు చూడలేదు.

ఇంతలో వెనక వాకిట్లోంచి చిన్నమ్మ పిలిచింది, పిల్లగాడి పాలు వేడి చేస్తా రమ్మని. చిన్నమ్మ ఇప్పుడు అక్క వాళ్ళింట్లోనే వెనక గదిలో ఉంటుంది. ఆమె పొలం కూడా బావే చేస్తున్నాడు. భర్త లేనిది కాబట్టి ఒడిబియ్యం దగ్గరికి రాదు, రానివ్వరు. పొయ్యి దగ్గర కూర్చుని బగారన్నానికి ఉల్లిగడ్డ వేయిస్తోంది. నేను వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసింది.

“నవనీ, నీకు చెప్పిండ్రా?”

“ఏంది చిన్నమ్మా?”

“అయితే చెప్పలే.” గరిటె తిప్పడం ఆపింది. “బియ్యం నీ ఒడిల పోస్తరు. పిల్లగాన్ని మీ అక్క ఒడిల పెడ్తరు. అందరి ముంగట తాత మాట చెప్తడు. ఇగ వాడు వాళ్ళోడైనట్టే.”

నాకు అర్థం కాలేదు. అంటే మాటలు అర్థమయ్యాయి. అవి నా కొడుకు గురించి అన్నది అర్థం కాలేదు.

“మా ఆయనకు తెల్వదు” అన్నాను.

“మీ ఆయన, దయాకర్ ఈ వాకిట్లనే కూసోని మాట్లాడుకున్నరు. భూపాలపల్లి పనిల ఆయనకు భాగమిస్తరట. తెల్వకుంటనే నిన్ను తీస్కొచ్చిండా?”

దాచడమెందుకు, ఆ క్షణాన నాకు కోపం రాలేదు. ఇవ్వాలేమో అనిపించింది. తల్లి అన్నదానికి రాకూడని ఆలోచన వచ్చింది. ఆమె బిడ్డ నావల్ల పోయింది కదా, నా బిడ్డను అడగడం న్యాయమేమో అనుకున్నాను. అదే పైకి అన్నాను కూడా.

“నావల్లనే గద చిన్నమ్మా అక్కకు పిల్లలు లేంది.”

చిన్నమ్మ నన్ను చూసిన చూపు మరిచిపోలేను. “గా మాట ఇంక మోస్తున్నవా నువ్వు?” అంది. మంట తగ్గించి, గొంతు తగ్గించి చెప్పింది.

“మెట్ల మీద జారినందుకు దానికేం గాలే. తెల్లారి నాతోటి సకినాల పిండి కలిపింది. తర్వాత దయాకర్ వచ్చి కార్ల తీస్కపోయిండు. తోడుకు నన్ను రమ్మన్నరు. వరంగల్‌ల ఏదో గల్లి, పేరు గూడ లేని దవాఖాన. స్కానింగ్ జేసి ఆడపిల్ల అన్నరు. తీసేయమన్నడు దయాకర్. ఆ తీసేసుడు సక్కగ జేయలే. రక్తం ఆగలే. పెద్ద దవాఖానకు ఉరికినం. పానం దక్కింది, గర్భసంచి దక్కలే.”

“మరి నా పేరెందుకు చెప్పిండ్రు?”

“ఊర్లె ఏమని చెప్పాలె? నువ్వు పిలిచింది నిజం, అది పడ్డది నిజం. అందరు నమ్మిండ్రు. చిన్నపిల్ల, నాలుగు రోజులల్ల మర్సిపోతదన్నడు దయాకర్.”

“నువ్వు?”

“నా పొలం వాళ్ళ చేతుల ఉంది. నా బువ్వ వాళ్ళింట్ల ఉంది. నన్నేం జేయమంటవ్?”

ఇంతకాలం అక్క మీద ఈగ వాలనివ్వని నాకు, అప్పుడు మొదట మండింది చిన్నమ్మ మీదే. ఆ రోజుల్లో నేను పరీక్షలు రాయలేక, అన్నం మింగుడుపడక ఆమె ఒళ్ళో పడి ఏడ్చేదాన్ని. కొంగుతో నా కళ్ళు తుడిచేది. నిజం నోట్లో పెట్టుకుని నా కళ్ళు తుడిచింది. ఒక్క మాట చెవిలో ఊది ఉంటే నేను ఇంకో మనిషిగా పెరిగేదాన్ని. అమ్మ పోయాక నాకున్నది ఈమె అనుకున్నాను. ఎవరూ లేరన్నమాట.

తలుపు తోసుకుని అక్క వచ్చింది. “ముహూర్తం దాటిపోతది, రావే” అంది, పట్టుచీరలో కళకళలాడుతూ. నేను ఆమె వెనకే నడిచాను. ఎందుకు నడిచానంటే ఏం చెప్పను? ఆమె రమ్మంటే వెళ్ళడం నా కాళ్ళకు అలవాటు.

నడవలో యుగేందర్ ఎదురొచ్చాడు, హర్షిత్‌ను ఎత్తుకుని. నేను చేతులు చాపితే ఇవ్వలేదు. “ఒడిబియ్యంల కూసుంటవ్ గద, నేను పట్టుకుంట” అన్నాడు.

“మీకు తెలుసా?” అన్నాను.

ఏది అని అడగలేదు అతను. అక్కడే నాకు సగం ప్రాణం పోయింది.

“వాడేమన్న పరాయోళ్ళ దగ్గరికి పోతున్నడా? మీ అక్కనే గద” అన్నాడు, గోడ వైపు చూస్తూ. “ఆమెకు నువ్వు జేసిన పాపం గూడ తీరుతది.”

పెళ్ళైన కొత్తలో, ఈ మనిషి నావాడు అనుకుని, ఎవరికీ చెప్పుకోని ఆ మెట్ల బాధ ఇతనికి చెప్పుకుని ఏడ్చాను. అప్పుడు నా వీపు నిమిరి, “నీ తప్పేం లేదు” అన్నాడు. నేను ఆ మాట మీదే కాపురం చేశాను. ఇప్పుడు అదే తీసి నా మెడకు చుట్టాడు.

హాల్లో రెండు పీటలు వేశారు. ఒకదాని మీద నేను, పక్కదాని మీద అక్క. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ పళ్ళేల్లో పెట్టి ఉన్నాయి. ఒడిబియ్యానికి ఒక పద్ధతి ఉంది. కొంగు చాపి రెండు చేతులా పట్టుకుని కూర్చోవాలి. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి దోసిళ్ళతో పోస్తారు. పోయడం అయ్యాక ఆ బియ్యాన్ని దేవుని ముందుకు తీసుకెళ్ళి మూట కట్టేదాకా చేతులు వదలకూడదు. ఒక్క గింజ కింద పడ్డా పుట్టింటికి అరిష్టం అంటారు. అందుకే చంటిపిల్ల తల్లికి ఒడి నింపేటప్పుడు పిల్లను ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఆమె చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి.

ఇంత ఆలోచించి పెట్టారు ముహూర్తం.

బియ్యం పడుతుంటే కొంగు బరువెక్కింది. చివర్లో అక్క లేచి వచ్చి పోసింది. ఆమె కళ్ళలో నీళ్ళు. నా నుదుటికి కుంకుమ పెట్టి, తల నిమిరి, తన పీట మీదికి వెళ్ళి కూర్చుంది. తాత గొంతు సవరించుకున్నాడు. యుగేందర్ ముందుకొచ్చి, హర్షిత్‌ను అక్క ఒళ్ళో పెట్టాడు. బావ వీడియో అబ్బాయికి సైగ చేశాడు.

“చెల్లె తన చేతులార అక్క ఒడి నింపుతున్నది” అన్నాడు తాత. “ఇగ ఈ పిల్లగాడు దయాకర్, అరుంధతిల కొడుకు. మీరందరు సాక్షులు.”

చేతులారా అట. నా చేతులు రెండూ ఎక్కడున్నాయో ఆ ముసలాయనకు కనిపించలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. హర్షిత్ అక్క మెడలో హారం పట్టుకుని లాగాడు, తర్వాత నా కోసం తల తిప్పి వెతుక్కున్నాడు, దొరికాను, చేతులు చాపి ఏడుపు లంకించుకున్నాడు.

నేను లేవబోయాను. నలుగురు ఆడవాళ్ళు ఒకేసారి అందుకున్నారు. “కూసో కూసో, బియ్యం పడ్తయ్.”

కొంగు వదిలేశాను.

బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు అన్నీ గచ్చు మీద జలజలా పడ్డాయి. ఓ ముసలావిడ “అయ్యో” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను బియ్యం తొక్కుకుంటూనే వెళ్ళి హర్షిత్ నడుము కింద చెయ్యి పెట్టాను. అక్క వదల్లేదు. వాడి కాళ్ళు పట్టుకుంది.

“ఇడువు అక్కా.”

“ఏందే గిట్ల జేస్తున్నవ్? ఇంతమందిల?” అంది. కోపం లేదు, ఎప్పటి గొంతే. “నువ్వు పిలవకుంటే నేను మెట్లెక్కేదాన్నా చెల్లె?”

“వరంగల్‌కు గూడ నేనే పిలిచిన్నా?” అన్నాను. “స్కానింగ్‌కు నేనే తీస్కపోయిన్నా?”

అక్క చేతులు వదులయ్యాయి. పిల్లవాణ్ణి లాక్కున్నాను. బావ లేచాడు.

“ఎవలు చెప్పిండ్రు గిసొంటి మాటలు?”

వెనక తలుపు దగ్గర చిన్నమ్మ నిలబడి ఉంది. “చిన్నమ్మా, చెప్పు” అన్నాను. బతిమిలాడినట్టే అన్నాను. చిన్నమ్మ నన్ను చూసింది, బావను చూసింది. తల దించుకుని వంటింటి వైపు తిరిగిపోయింది.

“చూసిండ్రా? బాలింత, మతి సక్కగ లేదు” అన్నాడు బావ అందరితో. యుగేందర్ కూడా, “అవును, నిద్ర లేక గిట్ల మాట్లాడ్తది” అన్నాడు. తాళి కట్టినవాడు.

హర్షిత్‌ను భుజాన వేసుకున్నాను.

“సరే. నాకు మతి లేదు” అన్నాను బావతో. “అక్క కడుపు నావల్లనే పోయిందనుకో. మెట్ల మీద నుంచి నేనే నూకిన అనుకో. అయినా నా కొడుకును ఇయ్య. నేను తప్పు జేస్తే నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడకు. తప్పుకు బదులు పిల్లలను ఇయ్యరు. వీడు నా కొడుకు.”

తాత ఏదో అనబోయాడు. ఆయన్ను కూడా అననివ్వలేదు.

“నాకు బిడ్డ గూడ ఉంది తాతా. నాలుగేండ్లది, గదిగో, గోడకు ఆనుకోని నిలబడ్డది. నాలుగేండ్ల సంది నాకు బిడ్డ ఉంది గద, దాన్ని ఎందుకు అడగలేదో మా బావను అడుగు.”

ఎవరూ అడగలేదు. అడగరని నాకు తెలుసు. అక్షయ చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను.

గేటు దాకా యుగేందర్ పరుగెత్తుకొచ్చాడు. “కార్ల కూసో, ఇంటికి పోయినంక మాట్లాడుకుందం” అన్నాడు. “నా ఇజ్జత్ ఏం గావాలె?”

“నువ్వు ఈడనే ఉండు. టిప్పర్ల సంగతి మాట్లాడుకో” అన్నాను. “క్వార్టర్ నా పేరు మీద ఉంది. నేను రమ్మనేదాక రాకు.”

నా వెంట రాలేదు అతను. వెనక్కి తిరిగి బావ వైపు చూశాడు, ఏం చేయమంటావు అన్నట్టు. ఆ చూపు చూశాక అతని మీద నాకు మిగిలిన ఆశ ఏమైనా ఉంటే అదీ పోయింది.

తొర్రూరు బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని హర్షిత్‌కు పాలిచ్చాను. అక్షయ, “బియ్యం ఎందుకు పడేసినవమ్మా” అని అడిగింది. “తమ్ముణ్ణి ఎత్తుకోవాలె గద” అన్నాను. దానికి ఆ జవాబు సరిపోయింది.

బస్సు ఊరు దాటాక ఫోన్ మోగింది, అక్క. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

ఏడుస్తోంది. “చెల్లె, నాకెవరున్నరే” అంది. “నువ్వు గూడ ఇడిసిపెడితే నేనేం గావాలె?”

ఆ ఏడుపుకు నేను ఎప్పుడూ లొంగిపోయేదాన్నే. వెళ్ళి కాళ్ళ మీద పడదామా అని ఒక్క నిమిషం అనిపించింది. అనిపించిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

“అక్కా, ఆనాడు నీ బిడ్డను వద్దన్నప్పుడు నువ్వు ఊకున్నవ్” అన్నాను. “నన్ను ఊకోమనకు.”

అబద్ధం అంటుందనుకున్నాను. ఎవరు చెప్పారని నిలదీస్తుందనుకున్నాను. ఏడుపు మాత్రం ఆగిపోయింది. ఫోన్ కట్టయిందేమోనని చూశాను, కట్టవలేదు.

“పేరు గూడ అనుకున్ననే దానికి” అంది అక్క చివరికి, మెల్లగా.

ఆ మాటకు నేను బస్సులో అందరి ముందూ ఏడ్చాను. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.